పాత షెడ్డును కోళ్ళ గూడుగా మార్చుకోవడం: చెన్నై పెరళ్ళకు తగిన పద్ధతి

తాంబరం, ఆవడి, రెడ్‌హిల్స్ వంటి చెన్నై శివార్లలో స్థలం కొని ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాల పెరట్లో, కట్టుబడి రోజులలో సిమెంటు బస్తాల కోసం వేసిన షెడ్డు ఒకటి తరచుగా మిగిలిపోయి ఉంటుంది. పది పన్నెండు కోళ్ళకు అది చక్కగా సరిపోతుంది. అయితే సామాను దాచే గదికి గాలితో పని ఉండదు కాబట్టి, ప్రాణమున్న కోళ్ళను అందులో ఉంచదలిచినప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది గాలినే. మన ఊళ్ళలో రాత్రిపూట కోళ్ళను గంప కింద కమ్మినప్పుడు అల్లిక సందుల గుండా గాలి ఆడేది. పైన పెట్టిన రాయి వల్ల పిల్లి దానిని ఎత్తలేకపోయేది. షెడ్డులో మనం చేయవలసిన మార్పులన్నీ ఈ రెండు ప్రయోజనాల కోసమే.

పని మొదలుపెట్టే ముందు స్థానిక సంస్థ నిబంధనలను, అద్దె ఇల్లయితే యజమాని సమ్మతిని తెలుసుకోవాలి. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్ల నుంచి పిల్లలు రావు అంతే. ఇళ్ళు ఆనుకుని ఉన్న వీధిలో తెల్లవారకముందే కూసే పుంజు వల్ల ఇరుగుపొరుగుతో మాట వస్తుంది కనుక, పెట్టలతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

షెడ్డును ఖాళీ చేసేటప్పుడు పురుగుమందు డబ్బాలు, చెదల మందు, ఎలుకల మందు, పాత రంగు డబ్బాలు, మేకులు, గాజు పెంకులు ఒక్కటి కూడా మిగలకుండా చూడాలి. కోడి నేల మీద మెరిసే ప్రతిదానినీ పొడిచి చూస్తుంది. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు (90 పీపీఎం) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది కాబట్టి, అంతకు ముందు తలుపులకూ కిటికీలకూ వేసిన ఎనామిల్ రంగు పెచ్చులుగా రాలుతున్నట్లయితే ఆ చెక్కను తీసివేయడమే క్షేమం. పెచ్చులు తిన్న కోడి గుడ్డులోకి ఆ సీసం చేరుతుంది. పైకప్పు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులదయితే దానిని కోయడం, రంధ్రాలు చేయడం, గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే ప్రాణాంతకమైన వ్యాధులు వస్తాయి. రేకు పగుళ్ళు లేకుండా గట్టిగా ఉంటే కదపకుండా అలాగే ఉంచవచ్చు.

ఒక్కొక్క కోడికి లోపల నాలుగు చదరపు అడుగులు, బయట తిరిగే ఆవరణలో ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఆ ప్రకారం 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న షెడ్డులో 20 కోళ్ళు పడతాయి. చెన్నై వేసవిని దృష్టిలో పెట్టుకుంటే 12 దాటకుండా ఉండడం మేలు.

ఇక గాలి సంగతి. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడిని బయటికి పంపుకోవాలి. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకు తయారీకి కావలసిన కార్బొనేట్ చాలకపోవడం వల్లనే మే నెలలో గుడ్ల పెంకులు పలచబడతాయి. పైగా మూసి ఉన్న షెడ్డులో రెట్టల నుంచి వెలువడే అమ్మోనియా కోళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. కాబట్టి పొడవైన రెండు గోడలనూ నేల నుంచి రెండు అడుగుల ఎత్తు వరకు ఉంచి, అక్కడి నుంచి చూరు దాకా తెరిచి జాలీ బిగించాలి. ఇటుక గోడలయితే కప్పు బరువును మోసే స్తంభాలు ఏవో మేస్త్రీ చేత చూపించుకున్న తరువాతనే తెరవాలి. కొత్తగా షెడ్డు వేసేవారు పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా వేసుకుంటే ఎండ నేరుగా లోపలికి రాదు. ఉన్న షెడ్డును తిప్పలేము కనుక పడమటి వైపు కొబ్బరాకు తడికలు కట్టుకోవాలి. ఇనుప రేకు కప్పయితే పైన రెండు పూతలు సున్నం వేసి, దాని మీద కొబ్బరి మట్టలు గానీ తాటాకులు గానీ పరిస్తే లోపలి వేడి చాలావరకు తగ్గుతుంది.

తడి గోనె సంచులు వేలాడదీయడం రాయలసీమ వంటి పొడి ప్రాంతాలలో బాగా పనిచేస్తుంది. చెన్నై గాలిలో అప్పటికే తేమ ఎక్కువగా ఉండడం వల్ల ఇక్కడ దాని వల్ల కలిగే చల్లదనం తక్కువ. గాలి కదిలేలా చూడడమే ముఖ్యం. మధ్యాహ్నం వేళ ఒక ఫ్యాను, నీడలో పెట్టిన చల్లని నీరు కోళ్ళ ప్రాణాలు కాపాడతాయి. మామూలు రోజుల్లో ఒక పెట్ట పావు లీటరు దాకా నీరు తాగుతుంది. ఎండాకాలంలో దానికి రెట్టింపు సిద్ధంగా ఉంచాలి.

గోడలను తెరిచిన తరువాత జంతువుల నుంచి రక్షణ మరింత అవసరమవుతుంది. కుక్కలు, పిల్లులు, ముంగిసలు, మానుపిల్లులు, పందికొక్కులు, పాములు ఈ ఊరి శివార్లలో అన్నీ ఉన్నాయి. దుకాణాలలో కోళ్ళ మెష్ పేరుతో అమ్మే ఆరు పలకల కన్నుల వల కోళ్ళను లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపలేదు. అరంగుళం కన్నుల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) వెల్డ్ మెష్ కొనాలి. సముద్రపు గాలికి పూత లేని ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఈ మెష్‌ను చట్రానికి బయటి వైపున పరిచి, ప్రతి ఆరు అంగుళాలకు ఒక స్క్రూ, స్క్రూ తల కింద వెడల్పయిన వాషరు వేసి, అంచుల మీదుగా చెక్క పట్టీ బిగించాలి. బయటి నుంచి జంతువు తోసినప్పుడు మెష్ చట్రానికే ఆనుకుంటుంది. లోపలి వైపున బిగిస్తే అదే తోపుకు స్క్రూలు ఊడివస్తాయి. ముంగిస తల దూరిన చోట ఒళ్ళంతా దూరుతుంది. పట్టపగలు తలుపు వేసుకుని లోపల నిలబడి చూస్తే, వెలుతురు చుక్కలుగా కనిపించే ప్రతి సందూ మూయవలసిన చోటే. తలుపు అడుగున అరంగుళానికి మించిన ఖాళీ ఉండకూడదు. గడియకు తోడుగా స్ప్రింగు కొక్కెం గాని తాళం గాని తప్పనిసరిగా ఉండాలి.

తవ్వుకుని వచ్చే జంతువుల కోసం మెష్‌ను ఎల్ ఆకారంలో వంచి, గోడ మొదటి నుంచి బయటికి అడుగున్నర మేర నేల మీద పరిచి, పైన మట్టి కప్పి ఇటుకలు పేర్చాలి. జంతువు గోడ మొదట్లోనే తవ్వడం ప్రారంభిస్తుంది, అక్కడ దానికి మెష్ అడ్డు తగులుతుంది. బయటి ఆవరణకు పైన కూడా వల ఉండాలి, లేకపోతే కాకులు, గద్దలు కోడిపిల్లలను ఎత్తుకుపోతాయి. దాణాను మూత ఉన్న ఇనుప డ్రమ్ములో ఉంచి, రాత్రి మిగిలినదానిని తీసివేయాలి. దాణా దొరకకపోతే ఎలుకలు రావు; ఎలుకలు లేని చోటికి పాముల రాక కూడా తగ్గుతుంది.

2015 డిసెంబరు వరదలలో ముడిచూరు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళిక్కరణై మునిగిన తీరు తెలిసినవారు గూటి నేలను మామూలుగా వదిలిపెట్టరు. పల్లపు ప్రాంతమయితే నేల మట్టం కనీసం రెండు అడుగులు లేపి, పైన మూడు అంగుళాల కాంక్రీటు వేసి, తలుపు వైపు కొద్దిగా వాలు ఉంచాలి. పందికొక్కుల కలుగులకు కూడా ఇదే అడ్డుకట్ట. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా వంటి తుపానుకు వదులుగా ఉన్న ఇనుప రేకులు లేచిపోతాయి కనుక వాటిని జె హుక్కులతో గట్టిగా బిగించాలి. చూరు మూడు అడుగులు బయటికి ఉంటే జల్లు లోపలికి కొట్టదు. టార్పాలిన్ పరదాలను కింది నుంచి పైకి మూసేలా కట్టి, ఎంత వానలోనైనా పైన ఒక అడుగు తెరిచే ఉంచాలి.

లోపల నేల మీద మూడు అంగుళాల మందాన వరి పొట్టు పరిచి, వారానికి రెండు మూడు సార్లు తిరగవేయాలి. గుప్పిట్లో పట్టుకున్నప్పుడు ముద్దగా అంటుకుంటే అది తడిసినట్లు. ఆ భాగాన్ని తీసివేసి పొడి పొట్టు వేయాలి. రాత్రి కోళ్ళు ఎక్కి కూర్చునే దండెం రెండు అంగుళాల వెడల్పు ఉండి, అంచులు నున్నగా ఉండాలి. ఒక్కొక్క కోడికి పది అంగుళాల చోటు కావాలి. గుడ్ల పెట్టెలు నాలుగు కోళ్ళకు ఒకటి చొప్పున, అన్ని వైపులా అడుగు కొలతతో చాలు. దండెం ఈ పెట్టెల కంటే ఎత్తులో ఉండడం ముఖ్యం, ఎందుకంటే కోళ్ళు ఉన్నవాటిలో ఎత్తయిన చోటునే నిద్రకు ఎంచుకుంటాయి. పెట్టెలే ఎత్తుగా ఉంటే వాటిలో పడుకుని రెట్టలతో పాడుచేస్తాయి. విద్యుత్ తీగలను ఎలుకలు కొరకకుండా పైపులో నడిపించాలి.

పాత గోడల పగుళ్ళను సిమెంటుతో నింపి సున్నం వేయడం అందం కోసం చేసే పని కాదు. కోళ్ళ గోమారి అనే పిడుదు పగలంతా ఆ పగుళ్ళలో దాగి, రాత్రి బయటికి వచ్చి కోళ్ళ రక్తం తాగుతుంది. పగలు కోడిని పట్టుకుని చూస్తే పెద్ద పిడుదులు కనిపించవు. కోళ్ళు చీకటిపడినా లోపలికి వెళ్ళడానికి ఇష్టపడకపోతే పగుళ్ళను, దండెం కొసలను టార్చి వేసి చూడాలి.

పల్లావరం శుక్రవారపు సంతలో పాత తలుపులు, మడత బందులు చవకగా దొరుకుతాయి. అక్కడే కోళ్ళు కూడా దొరుకుతాయి గాని, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని కోళ్ళను కనీసం రెండు మూడు వారాలు వేరుగా ఉంచకుండా మందలో కలపకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో మనవారికి తెలిసినదే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటికి అనువైనవి. కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధికి) కోడిపిల్లలకు మొదటి వారంలో చుక్కల మందు, ఎనిమిదో వారంలో సూది టీకా వేయించాలి. 1903లో మొదలైన, వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో గాని, దగ్గరి పశువైద్యశాలలో గాని సలహా అడగవచ్చు.

కొత్త కోళ్ళను మొదటి వారం పది రోజులు గూటి బయటికి వదలకూడదు; ఆ వ్యవధిలో అవి గూటిని తమ నెలవుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ తరువాత సూర్యాస్తమయానికి గంట ముందు తలుపు తీస్తే, కాసేపు తిరిగి చీకటి పడే వేళకు వాటంతట అవే లోపలికి వస్తాయి. అప్పుడు లెక్క చూసుకుని గడియ వేయాలి.