పెరట్లో పుచ్చకాయ, కర్బూజా ఎప్పుడు కోయాలో ఎలా తెలుస్తది

మా బెంగళూరులో ఏప్రిల్ వచ్చిందంటే ఏ సాయంత్రం వాన దంచుద్దో చెప్పలేం, అందుకే పెరట్లో ఈ తీగలు పెట్టినోళ్ళకి ఒకటే టెన్షన్, ఇవాళే కోసేద్దామా ఇంకో రెండ్రోజులు ఆగుదామా అని. పోయినేడాది నేను వాన భయంతో ఒక పుచ్చకాయ ముందే కోసేశాను, లోపల లేత గులాబీ రంగు, తింటే చప్పగా దోసకాయ తిన్నట్టే ఉంది, మూణ్ణెల్లు నీళ్ళు పోసి పెంచిన కాయ కదా చాలా బాధేసింది. పుచ్చకాయ కోశాక ఇంక తీపెక్కదండి, తీగ మీదే పండాలి.

తట్టి సౌండ్ వినమని అందరూ చెప్తారు గానీ నాకైతే దానిమీద నమ్మకం లేదు. కాయ తొడిమ పుట్టిన కణుపు దగ్గరే స్ప్రింగులా చుట్టుకున్న నులితీగ ఒకటుంటది, అది చూడండి. పచ్చగా ఉంటే కాయ జోలికి పోవద్దు, మొత్తం ఎండి గోధుమరంగుకొచ్చి ముట్టుకుంటే పుటుక్కున విరిగితే అప్పుడు కాయని మెల్లిగా కొంచెం పక్కకి తిప్పి కింద నేలకి ఆనిన మచ్చ చూడండి, తెల్లగా ఉంటే ఆగాలి, వెన్నపూస లాంటి పసుపు వస్తే పండినట్టే. ఇంకా ఈజీ కావాలంటే ఆడపువ్వు, అంటే వెనకాల బుల్లి కాయ ఉండేది, విచ్చుకున్న రోజే పక్కన ఊలు దారం కట్టి క్యాలెండర్లో రాసుకోండి, రకాన్ని బట్టి 35 నుంచి 45 రోజులు పడుద్ది.

వల తొక్క ఉండే కర్బూజా అయితే అదే చెప్పుద్ది. వల కింది పచ్చదనం పోయి ఇసుక రంగొస్తది, తొడిమ చుట్టూ సన్నగా పగులు కనిపిస్తది, బొటనవేలితో అక్కడ కొంచెం నొక్కితే కాయ చేతిలోకి ఊడొచ్చేస్తది. బలంగా లాగాల్సొస్తే ఇంకా టైమ్ కాలేదనే. పందిరి మీద పాకిస్తే మాత్రం పాత చున్నీతో ఉయ్యాల కట్టండి, లేకపోతే పండిన కాయ రాత్రికి రాత్రే కిందపడి పగులుద్ది.

చివరి వారం నీళ్ళు తగ్గించండి, ఆకులు వాడిపోయేంత కాదు. పెద్ద వాన వచ్చేలా ఉంటే పండినవి ముందే కోసేయండి, ఒక్కసారిగా నీళ్ళు తాగితే కాయలు పగిలిపోతాయి.

పొద్దున్నే కోయండి, పుచ్చకాయకి రెండంగుళాల తొడిమ ఉంచి కత్తెరతో. నీడలో వారం పైనే ఉంటది. కర్బూజా ఒకట్రెండు రోజులు బయట పెడితే మెత్తబడి వాసన పెరుగుద్ది, తీపి మాత్రం పెరగదు. ముక్కలు కోసేముందు తొక్కని బ్రష్‌తో రుద్ది కడగండి, ఆ వలలో ఇరుక్కున్న మట్టి కత్తితో పాటు లోపలికి పోతది.