పైథాన్ షెల్ తెరిచే ముందు ఇవి చూసుకోండి

పైథాన్ షెల్ అంటే కోడ్‌ను ఒక్కో లైనుగా టైప్ చేస్తే వెంటనే నడిపించే చోటు. ముందుగా, మీరున్నది ఏ మెషీన్‌లో? టెర్మినల్ ప్రాంప్ట్‌లో హోస్ట్ పేరు (ఆ మెషీన్ పేరు) చదవండి. మీ ల్యాప్‌టాప్ అనుకుని ప్రొడక్షన్ సర్వర్‌లో (అసలు యూజర్లు వాడే సర్వర్‌లో) షెల్ తెరిస్తే, అసలు డేటా పోవడానికి ఒక్క డిలీట్ లైను చాలు. ఎంటర్ కొట్టగానే పని జరిగిపోతుంది, "ఖచ్చితమా?" అని అడిగేవారు ఉండరు. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) షెల్ అయితే సెట్టింగ్స్ ఏ డేటాబేస్‌ను చూపిస్తున్నాయో కూడా చూడండి. రూబీ భాషలో ఇలాంటిదే అయిన రైల్స్ కన్సోల్ వాడేవారికి శాండ్‌బాక్స్ ఆప్షన్ ఉంది, బయటికి రాగానే డేటాబేస్‌లో చేసిన మార్పులు వెనక్కి పోతాయి. దయచేసి దాన్ని అలవాటు చేసుకోండి.

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (వేరే సర్వీసులు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) నేరుగా టైప్ చేయకండి. మీరు కొట్టిన ప్రతి లైనూ సాధారణంగా హోమ్ ఫోల్డర్‌లోని హిస్టరీ ఫైల్‌లో మామూలు అక్షరాల్లోనే మిగిలిపోతుంది. పైథాన్‌తోనే వచ్చే గెట్‌పాస్ మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసి వాడుకునే కోడ్ ఫైల్) వాడండి, అది అడిగినప్పుడు కొట్టిన పాస్‌వర్డ్ హిస్టరీలో చేరదు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్క ప్రాజెక్ట్ కోసం విడిగా పెట్టుకున్న పైథాన్, ప్యాకేజీలు) ఆన్ చేశారా? లేకపోతే వేరే పైథాన్ తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీ కూడా లేదంటుంది.

ఏ ఫోల్డర్ నుంచి తెరుస్తున్నారు? షెల్ మాడ్యూళ్లను మొదట అక్కడే వెతుకుతుంది. అక్కడ రాండమ్ అనే పేరుతో మీ సొంత ఫైల్ ఉంటే పైథాన్‌తో వచ్చే అసలు రాండమ్ మాడ్యూల్ బదులు అదే లోడ్ అవుతుంది. ఈ తప్పు దొరకడానికి గంటలు పడుతుంది.

పక్కన ఒక ఎడిటర్ తెరిచి, దాచుకోవాల్సిన లైన్లు అందులో పెట్టుకోండి. షెల్ మూస్తే వేరియబుల్స్ అన్నీ పోతాయి.

బయటికి రావడానికి లినక్స్, మ్యాక్‌లలో కంట్రోల్ డి. కంట్రోల్ జెడ్ కొడితే షెల్ ఆగుతుందే తప్ప మూతపడదు, డేటాబేస్ కనెక్షన్ అలాగే ఉండిపోతుంది. విండోస్‌లో మాత్రం కంట్రోల్ జెడ్, ఆ తర్వాత ఎంటర్.