లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోందా? వైఫై డ్రైవర్‌ను కూడా అనుమానించండి

సమస్య

ల్యాప్‌టాప్‌లో మామూలుగా పని చేసుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోతుంది. పాట వస్తుంటే అరక్షణం ముక్క ఒకటే పదేపదే గరగరలాడుతుంది. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపడం తప్ప వేరే దారి కనిపించదు. మళ్లీ ఆన్ చేస్తే అంతా బాగానే ఉంటుంది, కాసేపటికో రెండు రోజులకో మళ్లీ అదే తంతు.

ఇలాంటప్పుడు ముందుగా ర్యామ్ మీదికో, డిస్క్ మీదికో, వేడి మీదికో అనుమానం పోతుంది. విసుగొచ్చి డిస్ట్రోనే (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాన్నే) మార్చేసేవాళ్లూ ఉన్నారు. కొత్త డిస్ట్రోలోనూ అదే కర్నెల్ (మొత్తం మిషన్‌ను నడిపే లినక్స్ గుండెకాయ), అదే డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్) ఉంటే ఫలితం కూడా అదే. వైఫైని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నెట్ బాగానే వస్తోంది కదా, దాన్నెందుకు అనుమానించడం అనుకుంటారు.

కానీ డ్రైవర్ అనేది బ్రౌజర్ లాంటి మామూలు ప్రోగ్రామ్ కాదు, అది కర్నెల్‌లో భాగంగా నడుస్తుంది. బ్రౌజర్ చెడిపోతే ఆ ఒక్క కిటికీ మూతపడుతుంది. వైఫై డ్రైవర్ ఒక లాక్ (ఒకరు వాడుతుండగా మిగతావాళ్లను ఆపి ఉంచే తాళం) పట్టుకుని వదలకపోతేనో, నిద్రలో ఉన్న కార్డు నుంచి జవాబు కోసం కాచుకుని కూర్చుంటేనో ఆ ప్రాసెసర్ కోర్ ఇంకే పనీ ముట్టుకోదు. అదే లాక్ కోసం మిగతా కోర్లు కూడా వరసకట్టాయంటే మొత్తం మిషన్ బిగుసుకుపోయినట్టే.

ఎప్పుడు అనుమానించాలి?

పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు, నిద్ర నుంచి లేపిన వెంటనే, ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు, చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే హ్యాంగ్ అవుతుంటే చూపు వైఫై వైపు తిప్పాలి. బ్యాటరీ మీద మాత్రమే అవుతోందంటే అది బలమైన సూచన. ఎందుకో కింద చెబుతాను.

హ్యాంగ్ అయినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదికి పోకండి. ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైట్ వెలిగి ఆరుతోందంటే కర్నెల్ బతికే ఉంది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెర్మినల్ రావచ్చు. ఆ పరిస్థితిలో గ్రాఫిక్స్‌ను ఎక్కువగా అనుమానించాలి. మీరేమీ నొక్కకుండానే లైట్ దానంతటదే మినుకుమినుకుమంటుంటే అది కర్నెల్ పానిక్, అంటే కర్నెల్ కోలుకోలేని లోపంతో ఆగిపోయిందన్నమాట. లైట్ అసలు వెలగకపోయినంత మాత్రాన కర్నెల్ ఆగిపోయిందని తేల్చేయకూడదు. ఆ లైట్‌ను వెలిగించే పని సాధారణంగా డెస్క్‌టాప్ చేతిలో ఉంటుంది, డెస్క్‌టాప్ ఒక్కటే చిక్కుకున్నా లైట్ వెలగదు.

ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా టెర్మినల్ తెరిచే పద్ధతితో) లోపలికి వెళ్లగలిగితే చాలా సంగతులు తెలుస్తాయి. అయితే నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే వెళ్లాలి. అనుమానం వైఫై మీద ఉన్నప్పుడు వైఫై మీదుగా వెళ్లి, లోపలికి రానివ్వలేదు కాబట్టి మిషన్ చచ్చిపోయిందనుకుంటే పరీక్షకు అర్థమే లేదు.

లాగ్‌లో ఏం వెతకాలి?

ముందు ఒక మాట. కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మళ్లీ ఆన్ చేశాక జర్నల్‌సీటీఎల్ -కె -బి -1 కొడితే కిందటిసారి నడిచినప్పటి కర్నెల్ సందేశాలు వస్తాయి. నేరుగా చివరికి వెళ్లండి. పాత బూట్ వివరాలేవీ లేవని అంటే లాగ్ డిస్క్ మీద నిలవడం లేదన్నమాట. /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ సృష్టించి రీస్టార్ట్ చేస్తే అప్పటినుంచి నిలుస్తుంది.

వెతకాల్సినవి ఇవీ. 'సాఫ్ట్ లాకప్' అని, ఫలానా సీపీయూ 22 సెకన్లుగా ఇరుక్కుపోయిందని చెప్పే వాక్యం ఒకటి. ఇరుక్కుపోయిన కోర్లను కనిపెట్టే కర్నెల్ వాచ్‌డాగ్ మామూలు సెట్టింగ్‌లో 20 సెకన్లు దాటాక ఈ ఫిర్యాదు చేస్తుంది. 'బ్లాక్డ్ ఫర్ మోర్ దెన్ 120 సెకండ్స్' అనే వాక్యం ఇంకోటి. వీటి కిందే కాల్ ట్రేస్ (అప్పుడు నడుస్తున్న ఫంక్షన్ల జాబితా) ఉంటుంది. అందులో వరసల చివర చదరపు బ్రాకెట్లలో కనిపించేవి మాడ్యూళ్ల (కర్నెల్‌లోకి విడిగా ఎక్కే డ్రైవర్ ముక్కల) పేర్లు. అక్కడ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ అనో, ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం అనో, ఏటీహెచ్10కె_కోర్ అనో మళ్లీ మళ్లీ కనిపిస్తే దొంగ దాదాపు దొరికినట్టే. రియల్‌టెక్ కార్డుల్లో 'ఫెయిల్డ్ టు సెండ్ హెచ్2సీ కమాండ్', ఇంటెల్ కార్డుల్లో 'మైక్రోకోడ్ ఎస్‌డబ్ల్యూ ఎర్రర్ డిటెక్టెడ్' అన్నవి కూడా మంచి ఆధారాలు. 'పీసీఐఈ బస్ ఎర్రర్' (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో లోపం) అంటూ వేలకొద్దీ వరసలు కనిపించినా వదలకండి. ఏ డివైస్ నంబర్ దగ్గర వస్తున్నాయో చూసి అది వైఫై కార్డుదో కాదో సరిపోల్చండి.

లాగ్‌లో ఏమీ లేకపోవడమూ మామూలే. దాన్ని బట్టి డ్రైవర్ తప్పు లేదని నిర్ణయించేయకండి. జర్నల్ మామూలు సందేశాలను డిస్క్ మీద ఖాయం చేసేది 5 నిమిషాలకోసారి. 'క్రిటికల్', ఆపై స్థాయివి మాత్రమే వెంటనే రాస్తుంది. సందేశం పుట్టినా డిస్క్ దాకా చేరకముందే మీరు కరెంటు తీసేశారన్నమాట.

ఇక్కడే కర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌రిక్యూ కీ పనికొస్తుంది. చాలా కీబోర్డుల్లో అది ప్రింట్ స్క్రీన్ కీ మీదే ఉంటుంది. ఆల్ట్‌తో పాటు దాన్ని పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలను కాస్త ఆగి ఆగి నొక్కితే డిస్క్‌కు రాయాల్సినవి రాసి, ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే ఉండేలా మార్చి, రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మూడూ ముందే అనుమతించి ఉంటాయి. ఫెడోరాలో మొదటిది మాత్రమే పనిచేస్తుంది, కాబట్టి కర్నెల్.సిస్‌రిక్యూ అనే సెట్టింగ్ విలువను 1 చేసుకోండి. దీనికి కూడా స్పందన లేదంటే కర్నెల్ పూర్తిగా బిగుసుకుపోయిందని తెలుస్తుంది. పవర్ బటన్‌తో డిస్క్‌ను పదేపదే కుదిపేసే కంటే ఇది ఎంతో మేలు.

తేల్చే పరీక్ష

లాగ్ ఏం చెప్పినా, చెప్పకపోయినా ఈ పరీక్ష మాత్రం చేయాల్సిందే. వైఫై డ్రైవర్ లోడ్ కాకుండా మిషన్‌ను నడిపి చూడాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం దీనికి సరిపోదు. కేబుల్ గుచ్చడమూ సరిపోదు. రెండింట్లోనూ డ్రైవర్ మెమరీలోనే ఉంటుంది, కార్డుతో మాట్లాడుతూనే ఉంటుంది.

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కె కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ ఉన్న చోటు చూడండి. అక్కడ 'కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఒక వరస, 'కర్నెల్ మాడ్యూల్స్' అని ఇంకో వరస ఉంటాయి. మనకు కావాల్సింది రెండోది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఉదాహరణకు ఒక రియల్‌టెక్ కార్డుకు డ్రైవర్ పేరు ఆర్‌టీడబ్ల్యూ_8821సీఈ అని చూపిస్తే, మాడ్యూల్ పేరు ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని ఉంటుంది. మొదటి పేరు వాడితే ఏమీ జరగదు, పరీక్ష జరిగిందని మాత్రం మనం భ్రమపడతాం.

రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో (ఆన్ అవుతున్నప్పుడు ఏ కర్నెల్ నడపాలో ఎంచుకునే తెరలో) ఇంగ్లిష్ అక్షరం 'ఈ' నొక్కండి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే వరస చివర మోడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్= అని రాసి, ఆ వెంటనే మాడ్యూల్ పేరు చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. నెట్ కోసం కేబుల్ గానీ, ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ గానీ వాడుకోండి. మామూలుగా హ్యాంగ్ అవడానికి ఎంతసేపు పడుతుందో అంతకు రెండు మూడు రెట్లు నడపండి, అదీ రోజూ చేసే పనులతోనే.

అయినా హ్యాంగ్ అయిందంటే వైఫై నిర్దోషి. మెమ్‌టెస్ట్86+తో ర్యామ్ పరీక్షించండి, గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి చూడండి. ఇంటెల్ బే ట్రెయిల్ రకం ప్రాసెసర్ ఉన్న పాత మిషన్ అయితే ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 పెట్టి చూడండి. ఆ చిప్పులకు నిద్రాస్థితుల వల్ల హ్యాంగ్ అయ్యే జబ్బు పేరుమోసింది.

కారణం ఎక్కువగా ఎక్కడుంటుంది?

నా లెక్కలో తొలి ముద్దాయి కరెంటు పొదుపు. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసుకోకూడదు. ఒకటి, కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న పీసీఐఈ లింక్ ఖాళీగా ఉన్నప్పుడు కునుకు తీయడం. దీన్నే ఏఎస్‌పీఎం అంటారు. రెండోది, వైఫై రేడియో తాను పడుకుని రౌటర్ నుంచి వచ్చే సంకేతం కోసం మధ్యమధ్యలో లేవడం. లేవాల్సిన వేళకు సరిగ్గా లేవకపోతే రెండోదాని వల్ల సాధారణంగా నెట్ నెమ్మదిస్తుంది లేదా తెగుతుంది. మొదటిది దెబ్బతింటే మాత్రం మిషన్ మొత్తం ఆగిపోవచ్చు. చార్జర్ తీసినప్పుడు టీఎల్‌పీ లాంటి బ్యాటరీ పొదుపు టూళ్లు ఈ పొదుపును ఇంకా బిగిస్తాయి. బ్యాటరీ మీద మాత్రమే హ్యాంగ్ అవడానికి కారణం అదే.

ఆర్‌టీఎల్8821సీఈ కార్డు దీనికి మంచి ఉదాహరణ. ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌కు ప్యాకెట్లను గుంపుగా తీసుకునే ఎన్‌ఏపీఐ పద్ధతిని జోడించాక ఇంటెల్ ఆధారిత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఉన్నట్టుండి హ్యాంగ్ అవడం మొదలైంది. ఆ పని జరిగేంతసేపు ఏఎస్‌పీఎం ఆపి ఉంచేలా తర్వాత కర్నెల్‌లోనే సవరించారు. కార్డు చెడిపోలేదు, ల్యాప్‌టాప్ చెడిపోలేదు. రెండు సదుపాయాలు ఒకదానికొకటి అడ్డం తగిలాయంతే.

పరిష్కారం

ముందుగా కర్నెల్‌ను, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఇందులో ఉంటుంది) అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ కాకుండా ఒకసారి పూర్తిగా ఆపి ఆన్ చేయండి. ఒకవేళ గొడవ అప్‌డేట్ తర్వాతే మొదలైతే, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కర్నెల్‌తో నడిపి చూడండి. పాతదాంట్లో బాగుంటే ప్రస్తుతానికి దాంతోనే కాలక్షేపం చేయొచ్చు.

అప్పటికీ పోకపోతే రేడియో పొదుపు ఆపండి. ఐడబ్ల్యూ డెవ్ అని కొట్టి, ఆ తర్వాత మీ ఇంటర్‌ఫేస్ పేరు, దాని వెనక సెట్ పవర్_సేవ్ ఆఫ్ అని రాస్తే అప్పటికప్పుడు ఆగుతుంది. శాశ్వతంగా కావాలంటే నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగ్‌లలో వైఫై.పవర్‌సేవ్ విలువను 2 చేయండి. 2 అంటే ఆపమని, 3 అంటే ఉంచమని. ఉబుంటులో 3 పెట్టిన ఫైలు ముందే ఉంటుంది, దాన్నే మార్చండి.

అసలు పని డ్రైవర్ ఆప్షన్లలో ఉంది. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే ఫైలు ఒకటి సృష్టించి, 'ఆప్షన్స్' అనే పదం, మాడ్యూల్ పేరు, విలువ ఒకే వరసలో రాయాలి. ఆర్‌టీడబ్ల్యూ88 కుటుంబానికి ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ మాడ్యూల్‌కు డిజేబుల్_ఏఎస్‌పీఎం=1, ఆర్‌టీడబ్ల్యూ88_కోర్‌కు డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్=1 ఇస్తారు. పాత ఆర్‌టీఎల్8723బీఈకి ఐపీఎస్=0, ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0. ఇంటెల్ కార్డులైతే ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎంకు పవర్_స్కీమ్=1. ఇంటర్నెట్‌లో దొరికిన వరసను కళ్లుమూసుకుని అతికించకండి. మాడ్‌ఇన్ఫో -పి, పక్కన మాడ్యూల్ పేరు కొడితే ఆ మాడ్యూల్‌కు ఏయే ఆప్షన్లున్నాయో అదే చెబుతుంది. లేని ఆప్షన్ పేరు రాస్తే కర్నెల్ దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోతుంది, మీకు తేడా కనిపించదు. రీస్టార్ట్ చేశాక /సిస్/మాడ్యూల్ కింద ఆ మాడ్యూల్ పారామీటర్స్ ఫోల్డర్‌లో విలువ మారిందో లేదో సరిచూసుకోండి. ఒకసారికి ఒకటే మార్పు చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

మీ డ్రైవర్‌కు అలాంటి ఆప్షన్ లేకపోతే మిషన్ మొత్తానికి ఏఎస్‌పీఎం ఆపాలి. దీనికి చాలామంది గ్రబ్‌లో పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్ అని పెడతారు. పేరు చూస్తే ఆపేస్తుందనే అనిపిస్తుంది గానీ, అది చేసేది కర్నెల్‌ను ఆ జోలికి పోవద్దనడమే. బయోస్ ముందే ఆన్ చేసి ఉంచితే అది ఆన్‌లోనే ఉంటుంది. నిజంగా ఆపాలంటే పీసీఐఈ_ఏఎస్‌పీఎం.పాలసీ=పెర్ఫార్మెన్స్ అని ఇవ్వాలి. బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది, అది భరించాల్సిందే. పీసీఐ=నోఏఈఆర్ అనే ఇంకో సలహా కూడా కనిపిస్తుంటుంది. అది బస్ ఎర్రర్ సందేశాలను దాచేస్తుంది. లాగ్‌తో డిస్క్ నిండిపోకుండా ఆపడానికి పనికొస్తుంది గానీ హ్యాంగ్‌కు మందు కాదు.

నిద్ర నుంచి లేచినప్పుడు మాత్రమే హ్యాంగ్ అవుతుంటే వేరే చిట్కా ఉంది. /యూఎస్‌ఆర్/లిబ్/సిస్టమ్‌డి/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వండి. పడుకోబోయే ముందు దానికి 'ప్రీ' అనీ, లేచాక 'పోస్ట్' అనీ మాట అందుతుంది. మొదటిదానికి మోడ్‌ప్రోబ్ -ఆర్‌తో డ్రైవర్ దించేయాలి, రెండోదానికి మళ్లీ ఎక్కించాలి.

విడిగా దించుకుని డీకేఎంఎస్‌తో (కర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ను తిరిగి కట్టే టూల్‌తో) కట్టుకున్న డ్రైవర్ ఉంటే దాని సంగతి ముందే తేల్చుకోండి. ఒకే కార్డుకు కర్నెల్‌లోనిదీ, బయటిదీ రెండూ ఉంటే ఏది ఎక్కుతుందో చెప్పలేం. ఒకప్పుడు కర్నెల్‌లో డ్రైవర్ లేక బయటినుంచి తెచ్చుకున్న కార్డులు చాలావాటికి ఇప్పుడు కర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది. ఉంటే బయటిదాన్ని తీసేయడమే మంచిది.

ఇవేవీ పనిచేయకపోతే కార్డు మార్చుకోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఎం.2 2230 సైజులో, ఒకే స్క్రూతో బిగించి ఉంటుంది. కొన్నింట్లో బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి కొనే ముందు వెనక మూత తీసి చూడండి. ఇంటెల్ ఏఎక్స్201 లాంటి సీఎన్‌వీఐ కార్డులు (వైఫై పనిలో కొంత ఇంటెల్ ప్రాసెసర్ లేదా చిప్‌సెట్ వైపే జరిగేవి) వాటికి తగిన ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి. ఏఎక్స్200, ఏఎక్స్210లకు ఆ ఇబ్బంది లేదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు, అప్పుడు కర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ మిగులుతుంది. అది పెట్టుకున్నా పాత కార్డు మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్.డి ఫైలులో బ్లాక్‌లిస్ట్ చేసి ఉంచాలి, లేకపోతే పాత డ్రైవర్ మళ్లీ లోడ్ అయి హ్యాంగ్‌లు కొనసాగుతాయి.