గేమ్ మ్యూజిక్ వినడం నేర్చుకుందాం – 4వ భాగం: సుగియామా దారి, ఉయెమత్సు దారి

పోయిన భాగంలో ఫామికామ్ (నింటెండో వాళ్ళ పాత గేమ్ పెట్టె) సౌండ్ చిప్ గురించి చెప్పుకున్నాం కదా, రెండు పల్స్ గొంతులు (గొంతు అంటే ఒకసారికి ఒక్క శబ్దమే పలికే ఛానెల్), ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఇంకా చాలామంది ముట్టుకోని ఒక శాంపిల్ ఛానెల్, అంతే సరుకు. గేమ్‌లో కత్తి చప్పుడో తలుపు చప్పుడో రావాలన్నా వీటిలోంచే ఒక గొంతుని కాసేపు అరువు తీసుకోవాలి. ఈ భాగంలో అదే పెట్టె మీద ఇద్దరు మనుషులు రెండు వేరు వేరు దారుల్లో ఎలా నడిచారో విందాం. వినడమే కాదు, పోల్చడం నేర్చుకుందాం, ఎందుకంటే ఒక్క ట్యూన్‌ని విడిగా వింటే "బాగుంది" అనే మాట తప్ప ఇంకేం రాదు, పక్కన ఇంకోటి పెట్టి విన్నప్పుడే చెవి పని చేయడం మొదలవుతుంది.

ముందు మనుషుల గురించి. డ్రాగన్ క్వెస్ట్ అనే జపాన్ సాహస గేమ్ సిరీస్‌లో మొదటిది 1986 మేలో వచ్చింది, మ్యూజిక్ కొయిచి సుగియామా. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళు. జపాన్‌లో ఫుజి టీవీలో మ్యూజిక్ షోలు డైరెక్ట్ చేసిన మనిషి, పాటలు, టీవీ ట్యూన్లు బోలెడు రాసినాయన. గేమ్ కంపెనీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళలేదు, ఆయనే ఆ కంపెనీ, అంటే ఎనిక్స్ వాళ్ళ షోగి (జపాన్ చదరంగం) గేమ్ ఆడి అభిప్రాయం రాసి పోస్ట్‌కార్డ్ పంపారు, పరిచయం అక్కడ మొదలైంది. రెండో ఆయన నొబువో ఉయెమత్సు, 1959లో కొచిలో పుట్టారు. సంగీతం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, చిన్నప్పుడు ఎల్టన్ జాన్ వింటూ కీబోర్డ్ మీద తనకి తానే నేర్చుకున్నారు, తర్వాత స్క్వేర్ అనే గేమ్ కంపెనీలో చేరారు. వాళ్ళ సాహస గేమ్ సిరీస్ ఫైనల్ ఫాంటసీలో మొదటిది 1987 డిసెంబర్‌లో వచ్చింది, అప్పుడాయన వయసు 28.

ఈ ఇద్దరి గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట కనిపిస్తుంది: సుగియామా క్లాసికల్, ఉయెమత్సు రాక్. తప్పు కాదు, కానీ ఈ మాటతో చెవికి ఒరిగేదేం లేదు, ఆ లేబుల్ తెలిశాక కొత్తగా ఒక్కటీ వినపడదు. నేను చాలా ఏళ్ళు అలానే విన్నాను కాబట్టి చెప్తున్నా. దానికి బదులు నేను ఇచ్చే ప్రశ్న ఒకటుంది, ఈ పాఠం మొత్తం దాని మీదే: ఈ ట్యూన్‌ని దేనికి కట్టారు? చోటుకా, ఆడేవాడు ఆ క్షణంలో చేస్తున్న పనికా, లేక కథలో ఒక మనిషికా?

సరే, చెవులు పెట్టండి. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో గుహ మ్యూజిక్ పెట్టుకోండి, విడిగా ట్రాక్ కాకుండా ఎవరైనా ఆడుతున్న వీడియో అయితే మేలు. పై అంతస్తులో ఒక ట్యూన్ వస్తుంది. మెట్లు దిగగానే అదే ట్యూన్, కానీ శ్రుతి కాస్త కిందకి, నడక కాస్త నెమ్మదిగా. ఇంకో అంతస్తు దిగితే ఇంకా కిందకి, ఇంకా నెమ్మదిగా. కొత్తగా ఒక్క స్వరం రాయలేదు, ఉన్నదాన్నే లోతుకి కట్టేశారంతే. కళ్ళు మూసుకున్నా మీరు ఎంత కిందున్నారో చెవి చెప్పేస్తుంది. మెమరీ అసలే లేని రోజుల్లో, కార్ట్రిడ్జ్‌లో ప్రతి బైట్ లెక్కే, అలాంటప్పుడు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత భయం పుట్టించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, నా వరకు ఆ గేమ్‌లో ఓవర్చర్ (గేమ్ మొదలవగానే వచ్చే ట్యూన్) కంటే ఇదే గొప్ప.

తర్వాత అదే గేమ్‌లో బయట మైదానంలో నడిచే ట్యూన్ వినండి. ఒంటరి హీరో, వెంట జట్టు లేదు, తోడు లేదు. ట్యూన్ కూడా అలానే ఉంటుంది, పల్చగా, దిగులుగా, చుట్టూ ఖాళీ ఉన్నట్టు. 1987 జనవరిలో వచ్చిన రెండో గేమ్‌లో ముగ్గురు కలిసి తిరుగుతారు, కానీ మొదట్లో మీరు ఒక్కరే. అప్పుడు ఒక ట్యూన్. వెతుక్కుంటూ పోయి ఒక రాజకుమారుణ్ణి, తర్వాత రాజకుమారిని కలుపుకుని ముగ్గురూ అయ్యాక మైదానంలోకి అడుగు పెట్టారనుకోండి, పాట మారిపోతుంది, హుషారుగా, అడుగులో అడుగు వేస్తున్నట్టు. ఒక్క మాట డైలాగ్ లేకుండా "ఇక మనం ఒంటరి కాదు" అని తెలుస్తుంది. ఇక్కడ మన ప్రశ్న అడగండి, దేనికి కట్టారు? ఏ పేరున్న మనిషికీ కాదు, పక్కన ఎంతమంది ఉన్నారన్న లెక్కకి.

కోట ట్యూన్ కూడా ఒకసారి వినాలి. అందులో బరోక్ (యూరప్‌లో బాఖ్ కాలం నాటి సంగీతం) పద్ధతి ఉంది, రెండు గొంతులూ దేని దారిన అవి నడుస్తూనే ఒకదానికొకటి అమరుతుంటాయి. ఇళయరాజా బీజీఎంలో రెండు వయొలిన్ లైన్లు విడివిడిగా కదలడం విన్న చెవికి ఇది వెంటనే పట్టుబడుతుంది. చిప్‌లో నిండైన కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మోగించేంత గొంతులు లేవు కాబట్టి రెండు సన్నని లైన్లతోనే పెద్ద హాలు కట్టాల్సొచ్చింది, ఆ పనికి బరోక్ సరిగ్గా సరిపోయింది. ఈ పాటల్నే 1987లో టోక్యో సంటోరీ హాల్లో కచేరీగా వినిపించారు.

ఇప్పుడు రెండో వైపు. హార్మోనియమో ఫోన్‌లో కీబోర్డ్ యాపో పెట్టుకోండి, ఇక్కడ చేత్తో చేస్తేనే తెలుస్తుంది. ఫైనల్ ఫాంటసీ ప్రెల్యూడ్ తెలుసు కదా, వీణ తీగల మీద వేలు జారినట్టు మెట్లుమెట్లుగా ఎక్కి దిగే ట్యూన్. మన స్వరాల్లో మొదటి గుంపు స రి గ ప, అదే పై స్థాయిలో మళ్ళీ స రి గ ప, అలా పైపైకి ఎక్కి అదే దారిన కిందికి దిగుతుంది. మోహనంలోంచి ధైవతం తీసేసినట్టు ఉంటుంది, అందుకే మన చెవికి అంత చనువుగా తగులుతుంది అనుకుంటా. రెండో గుంపు ద ని స గ, ఎక్కడం దిగడం అదే. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. తర్వాత మధ్యమం నుంచి ఒకటి, పంచమం నుంచి ఒకటి. ఇక్కడిదాకా అన్నీ శంకరాభరణం స్వరాలే. ఆఖరి రెండు గుంపుల దగ్గర ఆగండి. ఒకటి శుద్ధ ధైవతం మీద మొదలవుతుంది, రెండోది కైశికి నిషాదం మీద, ఆ తర్వాత మళ్ళీ షడ్జంలోకి, లూప్ మొదటికి. ఆ రెండు మెట్లూ ఈ స్కేల్లో లేనివి, పక్కింటి నుంచి తెచ్చుకున్నవి, అందుకే అక్కడ గుండె కాస్త పైకి లేచినట్టు అవుతుంది.

ఇప్పుడు యుద్ధం గెలిచాక వచ్చే ఫ్యాన్‌ఫేర్ వాయించండి: స స స సా, దా నీ స, ని సా. ద ఏది? శుద్ధ ధైవతం. ని ఏది? కైశికి నిషాదం. అంటే ప్రెల్యూడ్ చివర్లో మెల్లగా, కలలో లాగా ఎక్కిన ఆ మెట్లే ఇక్కడ ట్రంపెట్ లాగా దూకుతున్నాయి! ఇది కనిపెట్టిన రోజు నేను ఒక పదిసార్లు వాయించుకున్నాను, ప్రెల్యూడ్ చివర, ఫ్యాన్‌ఫేర్ మొదలు, ప్రెల్యూడ్ చివర, ఫ్యాన్‌ఫేర్ మొదలు. మీరూ అలానే చేయండి, చదివి వదిలేస్తే ఈ పాఠంలో సగం పోయినట్టే. ఇది కౌంటర్‌పాయింట్ (ఇందాకటి కోట ట్యూన్‌లోలా గొంతుల్ని విడివిడిగా నడిపే పద్ధతి) పుస్తకంలోంచి వచ్చిన అలవాటు కాదు, రాక్ బ్యాండ్లు బాగా వాడే కదలిక, ఆ లేబుల్‌లో నిజం ఎంతుందో ఇక్కడ చెవితోనే తేలుతుంది.

కానీ ఉయెమత్సు అసలు దారి 1994లో వచ్చిన ఆరో గేమ్‌లో తెరుచుకుంటుంది. అప్పటికి సూపర్ ఫామికామ్ వచ్చింది, ఎనిమిది గొంతులు, ఒక్కో గొంతుకీ నిజం వాయిద్యం శాంపిల్ (రికార్డ్ చేసిన చిన్న శబ్దం ముక్క) పెట్టుకోవచ్చు, అయితే ఆ శాంపిల్స్ అన్నీ కలిపి 64 కిలోబైట్లలో ఇమడాలి. ఈ గేమ్ మొదటి సగంలో మైదానం ట్యూన్ మైదానానిది కాదు, టెర్రా అనే అమ్మాయిది. మీరు ఎక్కడ నడుస్తున్నా ఆమె పాటలోనే నడుస్తున్నారు. సుగియామా మైదానానికి ఇచ్చిన చోటు ఈయన ఒక మనిషికి ఇచ్చేశారు, తేడా మొత్తం ఇక్కడుంది. మిగతా పాత్రలకీ ఎవరి ట్యూన్ వాళ్ళకుంది, చివర్లో సుమారు 20 నిమిషాల ముగింపు పాటలో అవన్నీ ఒకదాని వెంట ఒకటి తిరిగి వస్తాయి, ఆట మొత్తం ఆడినవాళ్ళకి అది కళ్ళు తడవకుండా వినడం కష్టం.

ఇంతవరకు చదివి, "అయితే చోటు అంటే సుగియామా, మనిషి అంటే ఉయెమత్సు, అంతేగా" అని నోట్‌బుక్‌లో రాసేసుకోవద్దు, అది ఇంకో లేబుల్ అవుతుంది. ఎందుకంటే 1990లో వచ్చిన నాలుగో డ్రాగన్ క్వెస్ట్ అధ్యాయాలుగా నడుస్తుంది, ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్రది, నడిచే ట్యూన్ కూడా ఆ పాత్రదే. అంటే సుగియామా కూడా మనిషికి కట్టారు, ఆరో ఫైనల్ ఫాంటసీ కంటే నాలుగేళ్ళ ముందే. అటువైపు ఆరో ఫైనల్ ఫాంటసీలో ప్రపంచం కూలిపోయాక మైదానంలో ఒక చీకటి ట్యూన్ వస్తుంది, చెల్లాచెదురైన మిత్రుల్ని వెతకడానికి ఎగిరే ఓడ దొరికాక అది పోయి ఆశ ఉన్న ట్యూన్ వస్తుంది. రెండో డ్రాగన్ క్వెస్ట్‌లో ముగ్గురూ కలిసినప్పటి మార్పు గుర్తొచ్చిందా?

మరి తేడా ఎక్కడ? నా చెవికి తోచింది చెప్తా, మీది వేరుగా ఉండొచ్చు. సుగియామా పాత్రకి ట్యూన్ ఇచ్చినా అది ఆ పాత్ర నడకకే ఇస్తారు, దారిలో మీరు వింటూ ఉండే పాట, మీ బొటనవేలు బటన్ మీదున్నంతసేపూ వచ్చేది. ఉయెమత్సు ట్యూన్ మీ చేయి ఆగిన చోట కూడా మాట్లాడుతుంది, సీన్ జరుగుతున్నప్పుడు, ఎవరో వెళ్ళిపోతున్నప్పుడు. అందుకే ఏడో ఫైనల్ ఫాంటసీలో, 1997లో, ఆఖరి యుద్ధానికి ఆయన ఒక ధార లాంటి పాట రాయలేదు, చిన్న చిన్న ముక్కలు విడిగా రాసుకుని తర్వాత పజిల్ లాగా అతికించారు, దాని మీద లాటిన్ కోరస్. క్లాసికల్ వైపు స్ట్రావిన్స్కీ, రాక్ గిటార్ వైపు జిమీ హెండ్రిక్స్, ఇద్దరి ప్రభావమూ ఉందని ఆయనే చెప్పారు. అందులో మీరు చేసే పనికంటే ఎదురుగా ఉన్నవాడి స్వరూపమే ఎక్కువ వినపడుతుంది. నాకు ఎవరిష్టం అంటే, మనసుకి ఉయెమత్సు, కానీ నేర్చుకోవడానికి సుగియామా, ఎందుకంటే ఆయన పద్ధతి గేమ్‌లో తప్ప ఇంకెక్కడా సాధ్యం కాదు, మెట్లు దిగితే శ్రుతి దిగే పాటని సినిమాలో ఎలా పెడతారు?

ఈ వారం ప్రాక్టీస్. రెండు సిరీస్‌ల నుంచి ఊరు, మైదానం, గుహ, యుద్ధం ట్యూన్లు ఒక్కోటి తీసుకుని జతలుగా వినండి, రోజుకి ఒక జత చాలు, ఎక్కువైతే చెవి మొద్దుబారుతుంది. మొదటిసారి బేస్ (అడుగున నడిచే లైన్) ఒక్కటే పట్టుకోండి, రెండోసారి పై లైన్‌ని స్వరాల్లో కూనిరాగం తీయండి, తప్పు వచ్చినా పర్లేదు, మూడోసారి మాత్రం వీడియో చూస్తూ ట్యూన్ ఏ క్షణంలో మొదలైంది, ఏ క్షణంలో ఆగింది అన్నది రాసుకోండి. ఆ మూడోదే ముఖ్యం, దేనికి కట్టారో దొరికేది అక్కడే.

వచ్చే భాగంలో ఒకే గేమ్ లోపల ఇద్దరిని విడదీయబోతున్నాం. 1995లో వచ్చిన క్రోనో ట్రిగర్, ఎక్కువ భాగం యసునోరి మిత్సుడా రాశారు, మధ్యలో ఆయన కడుపులో అల్సర్లతో మంచాన పడితే మిగిలిన కొన్ని ట్యూన్లు ఉయెమత్సు పూర్తి చేశారు. ఏది ఎవరిదో పేర్లు చూడకుండా, అప్పటిదాకా ట్రాక్ లిస్ట్ తెరవకుండా, ఒక 10 ట్యూన్లు విని మీ అంచనా కాగితం మీద రాసి పెట్టుకోండి.