ప్రియస్ హైబ్రిడ్ బ్యాటరీ ఫ్యాన్ మార్చడం ఎలా?

అమెరికాలో పాత టొయోటా ప్రియస్ కొన్న మనవాళ్లు వెనక సీటు పక్కన, కుడివైపున్న గాలి జాలీని ఒకసారి చూడండి. 2004 నుంచి 2015 వరకు వచ్చిన మోడళ్లలో కారు లోపలి గాలిని ఆ జాలీ గుండా ఒక ఫ్యాన్ లాగి హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరుస్తుంది. దుమ్ము, కుక్క బొచ్చు రెక్కల్లో పేరుకుంటే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. అక్కడ హోరు పెరిగినా, కారు లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0ఏ82 (బ్యాటరీ ఫ్యాన్ లోపం) కోడ్ కనిపించినా ముందు ఈ ఫ్యాన్‌నే అనుమానించండి.

పని మొదలుపెట్టే ముందు డిక్కీ తలుపు తెరిచి, పని అయ్యేదాకా తెరిచే ఉంచండి. దాని గొళ్లెం కరెంటుతో పనిచేస్తుంది, ఆ కరెంటు ఇచ్చే 12 వోల్టుల చిన్న బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. ఆ బ్యాటరీ వైరు తీశాక తలుపు మూసుకుపోతే బయటినుంచి తెరుచుకోదు.

కారు ఆపి, తాళం దూరంగా పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. పెద్దదైన హైబ్రిడ్ బ్యాటరీలో 201.6 వోల్టులుంటాయి, మనిషి ప్రాణం తీయగలవు. అందుకే 1000 వోల్టుల రబ్బరు గ్లవ్స్ వేసుకుని డిక్కీలో ఎడమవైపున్న, హైబ్రిడ్ బ్యాటరీ కరెంటును తెంచే ఆరెంజ్ సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకోండి, ఇంకెవరూ తిరిగి పెట్టకుండా. 10 నిమిషాలు ఆగండి. ఫ్యాన్ మార్చడానికి బ్యాటరీ మూత విప్పే పనిలేదు, ఎక్కువ వోల్టుల ఆరెంజ్ వైర్లను ముట్టుకునే పనీ లేదు. ఆ అవసరం వచ్చిందనిపిస్తే ఆపేసి మెకానిక్‌ను పిలవండి.

డిక్కీ అడుగు పలకలు, సీటు పక్కనున్న దిండు, కుడివైపు ప్లాస్టిక్ ట్రిమ్ వరుసగా తీయండి. చలికాలంలో క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, స్క్రూడ్రైవర్ కాకుండా ప్లాస్టిక్ పనిముట్టు వాడండి. తర్వాత గాలి గొట్టం, వైరు కనెక్టర్, 10 ఎం.ఎం. బోల్టులు విప్పితే ఫ్యాన్ చేతికొస్తుంది.

ఫ్యాన్ చక్రాన్ని వేలితో తిప్పండి. గీసుకున్నా, ఊగినా మార్చాల్సిందే. నున్నగా తిరిగి, మురికి మాత్రమే ఉంటే మెత్తని బ్రష్, వాక్యూమ్‌తో శుభ్రం చేస్తే చాలు. అనవసరంగా డబ్బు పెట్టకండి. మోటారుకు మాత్రం నీళ్లు తగలనివ్వద్దు. కొత్తది కొనేటప్పుడు కారు విన్ నంబరు (ఒక్కో కారుకు ఉండే గుర్తింపు సంఖ్య) చెప్పి కొనండి.

బిగించేటప్పుడు గాలి గొట్టం సందు లేకుండా కూర్చోవాలి. సర్వీస్ ప్లగ్ పిడి చివరిదాకా లాక్ అవ్వాలి, లేకపోతే కారు నడపడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు డాష్‌బోర్డు మీద వెలగదు. ఆఖరున 12 వోల్టుల వైరు పెట్టి, కోడ్ చెరిపి, స్కానర్‌తో ఫ్యాన్‌ను పెద్ద స్పీడులో తిప్పండి. జాలీ మీద పెట్టిన టిష్యూ కాగితం అతుక్కుని నిలబడితే గాలి బాగా లాగుతున్నట్టే.