ఆర్మీద్ చేయి ఎక్కడ ఆగాలి: ఒక ఫ్రెంచ్ ఒపెరా రంగాన్ని వేదికకెక్కించే పద్ధతి

1686లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘ఆర్మీద్’కు సంగీతం లుల్లీది, సాహిత్యం కీనోది. అందులోని రెండవ అంకం అయిదవ రంగాన్ని హైదరాబాద్‌లో, పద్యనాటకంలోనో కూచిపూడిలోనో పండిన నటితో వేయించదలచినవారు ఆమెకు మొదటి వారం స్వరం నేర్పకుండా మాటే నేర్పాలి.

మాంత్రికురాలైన ఆర్మీద్, తనకు లొంగని వీరుడు రెనోను మంత్రనిద్రలో ముంచి, చంపడానికి ఆయుధంతో వస్తుంది గాని చంపలేకపోతుంది. ఆ తడబాటంతా వాక్యాల విరుపులోనే ఉంది: ‘పొడుద్దాం’ అనగానే తననెవరు ఆపుతున్నారని అడుగుతుంది, ‘ముగిద్దాం’ అనగానే వణుకుతుంది, ‘పగ తీర్చుకుందాం’ అనగానే నిట్టూరుస్తుంది. సగం మాట ఆజ్ఞ, మిగతా సగం ఆ ఆజ్ఞను మీరిన శరీరం. ఈ రెండింటి నడుమ ఉన్న విరామాలను పెన్సిలుతో గుర్తుపెట్టించి, ఫ్రెంచ్ పంక్తినీ దాని తెలుగు అర్థాన్నీ ఒకదాని వెంట ఒకటి తాళం లేకుండా చదివించాలి. ఇది మాట నడకను అనుసరించే గానం. మాట కోసం తాళం లెక్క కూడా మధ్యమధ్య మారుతుంది.

మా రిహార్సల్‌లో జరిగిన పొరపాటు చెప్పడం అవసరం. పద్యం పాడి వన్స్‌మోర్‌లు కొట్టించుకోవడం అలవాటైన మా నటి, వణుకు రావలసిన విరామాన్ని చక్కని ఆలాపనతో నింపేసింది. ఆలాపన బాగుంది, వణుకు మాత్రం మాయమైంది. తోడుగా హార్మోనియం పెట్టడం నా తప్పు. నొక్కిపట్టినంతసేపూ మోగే ఆ నాదం ఖాళీని ఖాళీగా ఉండనివ్వదు. ఆ కాలపు తోడు వాద్యమైన హార్ప్‌సికార్డ్ (మెట్లు నొక్కితే తీగలు మీటే వాద్యం) తీగ మీటగానే మోగి, నొక్కే ఉంచినా క్షీణించిపోతుంది కాబట్టి, అది దొరకని మన ఊళ్లో ఆ నాదమున్న కీబోర్డు, దానికి తోడు కింది స్వరాలు పలికించే పెద్ద వయొలిన్ లాంటి ఒక చెల్లో చాలు.

అభినయంలో మరొక చిక్కుంది. చేయి ఎటు వెళితే చూపు అటు వెళ్లాలన్నది మన నాట్యం నేర్పే క్రమం. ఇక్కడ క్రమం మార్చి, ముందు చూపు రెనో ముఖం మీద వాలి, ఆ తరువాత చేయి కదిలి, చివరకు మాట రావాలి. ఎత్తిన చేయి ‘వణుకుతున్నాను’ అన్నాక కాక, అనబోయే ముందు ఊపిరిలోనే ఆగాలి. మాట తరువాత ఆగితే అది వివరణలా ఉంటుంది. ముద్రలు వద్దు, వేళ్లు సహజంగా విడివడి ఉంటే చాలు.

ఈ సంగీతం భావంతోపాటు మారడం లేదని 1753లో తత్వవేత్త రూసో తప్పుపట్టగా, మార్పు కింది స్వరాల సామరస్యంలో ఉందని మరుసటి ఏడు స్వరకర్త రామో సమాధానమిచ్చాడు. నేను రామో పక్షమే. అందుకే చెల్లో వాయించేవారిని నటికి కనిపించేచోట కూర్చోబెట్టాలి. కోపాన్ని గొంతు పెంచి చూపనక్కరలేదని ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

వెలుగు విషయం చిన్నది: కొవ్వొత్తుల కాలపు నాటకం కనుక నటి వెంట తిరిగే ఫాలో స్పాట్ దీపం మాని, వేదిక అంచున పసుపు దీపాలు తక్కువ కాంతితో పెట్టాలి. చివర ఆమె తన భూతాలను చల్లగాలులుగా మారమని పిలిచే పాటలో నడక మూడు మాత్రలకు మారుతుంది. అంతవరకు దాదాపు ఒకేచోట నిలిపిన నటిని అప్పుడే, ఆయుధం దించాకే, నడవనివ్వాలి.