నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ సర్దుకునే పద్ధతి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా నెట్ సెంటర్ కౌంటర్ మీద బ్రౌజర్, పీడీఎఫ్, స్కానర్, ఫోల్డర్ అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. పాత మెషీన్‌లో జుబుంటు (ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్) వాడుతున్నవాళ్లు ప్యానెల్‌ను, అంటే స్క్రీన్ అంచున మెనూ, గడియారం ఉండే పట్టీని, ఒక్కసారి కుదురుగా సర్దుకోవాలి. ఎన్ని విండోలు తెరిచినా, మూసినా బటన్ ఉన్నచోటు మారకూడదు. సైజు సంగతి ఆ తర్వాతే.

ముందు ‘ప్యానెల్ ప్రొఫైల్స్’ తెరిచి ఇప్పటి అమరికను సేవ్ చేయండి. ఏదైనా చెడితే మళ్లీ అదే తెచ్చుకోవచ్చు.

ప్యానెల్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ప్యానెల్, ప్యానెల్ ప్రిఫరెన్సెస్, ఐటమ్స్ ట్యాబ్‌కు వెళ్లండి. పక్కనున్న బాణాలతో ఈ వరుస పెట్టండి: మెనూ, రోజూ వాడే మూడు నాలుగు లాంచర్లు (ప్రోగ్రాం తెరిచే ఐకాన్లు), విండో బటన్స్ (తెరిచి ఉన్న విండోల బటన్లు), సెపరేటర్ (ఐటమ్స్ మధ్య ఖాళీ), స్టేటస్ ట్రే (నెట్‌వర్క్ లాంటి చిన్న ఐకాన్లు ఉండే చోటు), కీబోర్డ్ లేఅవుట్స్, గడియారం.

అసలు కిటుకు సెపరేటర్‌లో ఉంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి ‘ఎక్స్‌పాండ్’కు టిక్ పెట్టండి. మిగిలిన జాగానంతా అదే తీసుకుని, తన తర్వాతి ఐటమ్స్‌ను కుడి అంచుకు నెట్టి ఉంచుతుంది. ఈ టిక్ లేకపోతే విండో మూసిన ప్రతిసారీ గడియారం, ట్రే ఎడమకు జరుగుతాయి. ఇలాంటి సెపరేటర్లు రెండుంటే జాగాను సమంగా పంచుకుంటాయి. వాటి మధ్య పెట్టింది నడిమికి వస్తుంది, కానీ రెండు పక్కల ఐటమ్స్ వెడల్పు సమానమైతేనే అది స్క్రీన్‌కు సరిగ్గా నడుమ. ట్రేలో ఐకాన్లు పెరిగేకొద్దీ అది ఎడమకు సాగుతుంది కాబట్టి, తెలుగు–ఇంగ్లిష్ మార్చే కీబోర్డ్ బటన్‌ను దానికి కుడివైపే ఉంచండి.

ఇక సైజు. 1366×768 స్క్రీన్‌కు డిస్‌ప్లే ట్యాబ్‌లో రో సైజు 28, వరుసలు 1, లెంత్ 100 శాతం సరిపోతాయి. 24 కన్నా తగ్గిస్తే తెలుగు పేర్లలో ఒత్తులు కింద తెగే అవకాశం ఉంది. అప్పియరెన్స్‌లో ఐకాన్ సైజు 16 లేదా 24 పెట్టండి; 19, 21 లాంటి అంకెలకు బొమ్మలు మసకబారొచ్చు.

ప్యానెల్‌ను ఆటోమేటిక్‌గా దాచడం కౌంటర్‌కు పనికిరాదు, ‘నెవర్’ పెట్టండి. లేదంటే, ప్యానెల్ కింది అంచున ఉన్నప్పుడు, ఫారం అడుగున సబ్మిట్ నొక్కబోతే అది లేచి అడ్డుపడుతుంది.

పొడవైన ఫారాలే ఎక్కువైతే ప్యానెల్‌ను పక్కకు మార్చండి. ‘లాక్ ప్యానెల్’ టిక్ తీసి, మోడ్ ‘డెస్క్‌బార్’ చేసి, చివరన కనిపించే పిడి పట్టుకుని ఎడమ అంచుకు లాగాలి. ‘వర్టికల్’లో అయితే అక్షరాలు అడ్డం తిరుగుతాయి. పని అయ్యాక మళ్లీ లాక్ చేయండి, లేదంటే మౌస్ తగిలి ప్యానెల్ జరుగుతుంది.